నెట్టు బాగైన రోజు

మా అత్తగారింట్లో ఏది మొరాయించినా ముందు దాన్ని కొడతారు. ఏమైందని అడగడం తర్వాతి సంగతి. టీవీలో బొమ్మ ఆగితే దాని నెత్తిన ఒక్కటిస్తారు. నీళ్ల మోటారు గురగురమంటే కాలితో తంతారు. మా ఆయన హరినాథ్ నా మీద మొదటిసారి చేయి చేసుకున్నది పెళ్లయిన ఏడాదికి, కారు తాళం కనిపించలేదని. తాళం ఆయన చొక్కా జేబులోనే ఉంది. దొరికాక "సర్లే, దొరికింది గదా" అని నవ్వి వెళ్లిపోయాడు. నేనేం నోట్లో నాలుక లేనిదాన్ని కాదు. ఆ పూట ఆయన అన్నం పళ్లెం తీసుకుపోయి పెరట్లో కుక్కకు పెట్టాను. దానికి ఇంకో రెండు దెబ్బలు తిన్నాననుకోండి, అది వేరే విషయం.

మాది పుంగనూరు. హరినాథ్‌కు మదనపల్లెలో టమోటా మండీ ఉంది. తెల్లారకముందే పోతాడు, వేలం పాటలు ముగిశాక మధ్యాహ్నానికి ఇల్లు చేరతాడు. నేను డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్నదాన్ని. నెలల తరబడి పోరి పోరి, బెంగళూరులో ఒక కంపెనీ ఉద్యోగం సంపాదించుకున్నాను. ఇంట్లో కూర్చునే చేసే పని. ఆసుపత్రులకు ఫోన్ చేసే రోగుల బాధ విని, ఏ డాక్టరు దగ్గరికి ఎప్పుడు రావాలో చెప్పాలి.

ఆ ఉద్యోగమంటే నాకెందుకంత పట్టుదలో చెప్పకపోతే ఈ గొడవంతా మీకు అర్థం కాదు. ఆ ఇంట్లో నేను నోరు తెరిస్తే అది నోరు పారేసుకోవడం. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని మాట్లాడితే మాత్రం అవతల ఎవరో "అట్లాగేనమ్మా, సల్లగా ఉండు" అంటారు. శిక్షణలో మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఈ ఉద్యోగం పోతే ఇక ఆ ఇంట్లో నా మాట వినే మనిషే ఉండరని నాకు బాగా తెలుసు.

శిక్షణ ముగిసింది. శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆఖరి పరీక్ష. కెమెరా ముందు కూర్చోవాలి. కంపెనీ వాళ్లే రోగుల్లాగా మాట్లాడతారు, నేను జవాబు చెప్పాలి. మధ్యలో నెట్ తెగితే ఫెయిల్, మరో అవకాశం లేదు. హరినాథ్ ముందే తేల్చేశాడు.

"పాసైతే సేసుకో, నేనేం వద్దనను. ఫెయిలైతే కంపెనీ ఇచ్చే కంప్యూటరు పెట్టె ఎత్తి పంపించేయ్. ఇంగ ఉద్యోగమనే మాట ఈ ఇంట్లో ఇనపడకూడదు."

పరీక్షకు వారం ముందు కంపెనీ కొత్త ల్యాప్‌టాప్ పంపింది. కొత్త వస్తువు ఏదొచ్చినా మా అత్త సుశీలమ్మ దాన్ని గుడికి తీసుకుపోనిదే ముట్టనివ్వదు. స్కూటరుకైనా ఫ్రిజ్జుకైనా ఒకటే మర్యాద. తల్లీ కొడుకూ ల్యాప్‌టాప్‌ను కారులో పెట్టుకుని పోయి పూజ చేయించారు. వచ్చే దారిలో మదనపల్లెలో మూత మీద నెమలి బొమ్మ స్టిక్కర్ కూడా వేయించుకొచ్చారు. కీబోర్డు మీద కుంకుమ బొట్టు! "చక్రాల కింద నిమ్మకాయ పెట్టలేదా అత్తా, దీనికి చక్రాల్లేవనా?" అన్నాను. ఆమె ముఖం మాడ్చుకుని లోపలికి వెళ్లింది.

అప్పుడు మొదలైంది నా తంటా. పక్కనే ఉన్న నా ఫోన్‌లో వీడియోలు గలగలా ఆడుతున్నాయి. ల్యాప్‌టాప్‌లో మాత్రం కంపెనీ పేజీ తెరుచుకునేలోపు పాలు పొంగి, స్టవ్ ఆర్పి రావచ్చు. రీస్టార్ట్ చేశాను. వైఫై పాస్‌వర్డ్ తీసేసి మళ్లీ కొట్టాను. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కొత్తది వేశాను. ల్యాప్‌టాప్ ఎత్తుకుని ఇల్లంతా తిరిగాను, రూటర్ కింద చంటిపిల్లను ఒళ్లో పెట్టుకున్నట్టు పెట్టుకుని కూర్చున్నాను. అంత దగ్గరగా ఉంటే రవ్వంత నయం, అంతే. స్క్రీన్ మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి.

కంపెనీలో ఇలాంటి ఇబ్బందులు చూసే అమ్మాయి శ్రుతి. ఓపికగల మనిషి. ఆమె చెప్పినవన్నీ చేశాను.

"ల్యాప్‌టాప్‌లోనే ఏదో తేడా ఉన్నట్టుంది దీపగారూ. వెనక్కి పంపితే వేరేది వస్తుంది, కానీ శుక్రవారం లోపు రాదు," అంది. "ఫోన్ నెట్‌తో పరీక్షకు ఒప్పుకోరు. ఒక పని చేయండి, మీ నెట్ ఆపరేటర్‌తో రూటర్ నుంచి మీ గదికి వైరు లాగించుకోండి. వైరు పెడితే వైఫైతో పని ఉండదు."

మా వీధికంతా నెట్ ఇచ్చేది మునిశేఖర్. వాళ్ల నాన్న ఒకప్పుడు మా మామగారి పొలంలో కూలికి వచ్చేవాడట. మునిశేఖర్ మాత్రం గేటు దగ్గర చెప్పులు విప్పి నేరుగా హాల్లోకి వచ్చి రూటర్ చూస్తాడు. కుర్చీ చూపిస్తే కూర్చుంటాడు. అదొక్కటి చాలు మా అత్తకు ఒళ్లు మండడానికి. నేను ఫోన్ చేస్తే పాపం రెండుసార్లు వచ్చి చూశాడు. "నా తావనుంచి నెట్టు బాగానే వస్తాండాదక్కా, యాడ తేడానో అర్థం కాలే" అని తల గోక్కున్నాడు. వైరు లాగమంటే, గురువారం మధ్యాహ్నం వచ్చి లాగుతానని చెప్పి వెళ్లాడు.

ఆ సాయంత్రం హరినాథ్ మొదలుపెట్టాడు.

"యాల ఆయప్ప మాటిమాటికీ వస్తాండాడు?"

"నెట్టు సూసేదానికి. ఇంక దేనికి?"

"నెట్టు తగ్గించేది వాడే, సూసేదానికి వచ్చేది వాడే. మండీలో ఒకాయన సెప్పినాడు. ఎవురి ఫోనుకు ఎంత స్పీడు పోవాల్నో వాళ్ల సేతిలోనే ఉంటాదంట. నీ పెట్టె ఒగదానికే తగ్గించినాడు. పొద్దుపోకపోతే వచ్చి నీతో మాట్లాడొచ్చు గదా."

"నీ బుర్రకు ఇంకేం తట్టదా? ల్యాప్‌టాప్‌లోనే తేడా ఉండాదని కంపెనీ వాళ్లే సెప్పినారు."

"కొత్త వస్తువు సెడిపోతాదా మే? పూజ సేయించి తెచ్చిన వస్తువు!"

ఆయన విసిరిన నీళ్ల చెంబు నా భుజానికి తగిలి గోడకు కొట్టుకుంది. సొట్టపడిన చెంబు తీసి మా అత్త వంటింట్లోకి తీసుకుపోయింది. చెంబుకేమైందో చూసుకుంది గానీ నన్ను చూడలేదు.

గురువారం మునిశేఖర్ వచ్చాడు. మా ఇంటి వెనక సన్నటి సందు. ఆ గోడకు నిచ్చెన వేసుకుని పైకెక్కి, కిటికీ పైన డ్రిల్లుతో కన్నం వేస్తున్నాడు. నేను కింద వైరు చుట్ట పట్టుకుని కొంచెం కొంచెం అందిస్తున్నాను. అత్త పెరటి గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ మమ్మల్ని కాపలా కాస్తోంది. డ్రిల్లు రొదలో కారు వచ్చిన చప్పుడు వినిపించలేదు. హరినాథ్ సందులోకి వచ్చి నా చేతిలో వైరు చూశాడు, తలెత్తి పైకి చూశాడు.

"ఏమిరా, ఇంగా ఎన్ని దినాలు నడిపిస్తావు ఈ నాటకం?"

మునిశేఖర్ డ్రిల్లు ఆపాడు. "అన్నా, ఒక్క నిమిషం. దిగొచ్చి సెప్తా."

"దిగు."

దిగు అంటూనే నిచ్చెనను కాలితో తన్నాడు. నిచ్చెన పక్కకు జారింది. మునిశేఖర్ కిటికీ చువ్వ పట్టుకోబోయాడు, చేయి అందలేదు. సిమెంటు గచ్చు మీద నడుము ముందు పడింది, తర్వాత చేయి. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. "అమ్మా" అని ఒక్క అరుపు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. వాడి హెల్మెట్ అక్కడే మెట్టు మీద ఉంది. హరినాథ్ దాన్ని పట్టీతో అందుకుని, లేవబోతున్న మనిషి నెత్తిన వేశాడు. మళ్లీ వేశాడు. మూడోసారికి నేను మీద పడ్డాను.

చొక్కా పట్టుకుని లాగాను. ఆయన మోచేయి నా మూతికి తగిలి పెదవి చిట్లింది. నాకు దొరికింది ఆయన మణికట్టు. కొరికాను. పళ్లు దిగేదాకా కొరికాను, వదల్లేదు. జుట్టు పట్టి గోడకేసి కొడితేగానీ వదల్లేదు. అప్పుడు హెల్మెట్ కింద పడేసి ఇంట్లోకి పోయాడు. రూటర్‌ను గోడ నుంచి పెరికి, నేలకేసి కొట్టి, ముక్కలయ్యేదాకా తొక్కిన చప్పుడు సందులోకి వినిపించింది.

మునిశేఖర్ కదల్లేదు. చెవి పక్క నుంచి నెత్తురు గచ్చు మీదకు వస్తోంది. సందులో చూసిన వాళ్లం నేనూ మా అత్తా మాత్రమే. ఆమె ఒళ్లో గింజలు తీసిన చింతపండు అలాగే ఉంది.

నేను వీధిలోకి పరుగెత్తి, గొంతు చించుకుని ఆటో ఆపాను. మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోతుంటే మా అత్త కూడా ఎక్కింది. నేను ఆశ్చర్యపోయాను. పుంగనూరు దాటాక అర్థమైంది ఎందుకెక్కిందో. నా ఒళ్లో మునిశేఖర్ తల. నా చీరకంతా నెత్తురు. ఆమె నా చెవి దగ్గరికి వంగింది.

"సూడమ్మా దీపా. వాడు కాలుజారి పడినాడు. నువ్వు, నేను సూసినాం. అంతే."

"హెల్మెట్‌తో నెత్తిన కొట్టింది కూడా కాలుజారడమేనా అత్తా?"

"గమ్మునుండు. హరి జైలుకు పోతే నీకేమొస్తాది? మొగుడు లేడు, ఇల్లు లేదు. రేపు పరీక్ష రాసుకో. కుప్పంలో మీ చెల్లెలింటికి పో, ఆడ నెట్టు ఉంటాది గదా. ఉద్యోగం సేసుకో, ఎవురూ అడ్డం రారు. హరి సేత ఒట్టేయిస్తా. నువ్వు మాత్రం నోరు తెరవద్దు."

ఆటో సాగుతున్నకొద్దీ ఆ మాటే నా తలలో తిరిగింది. ఉద్యోగం సేసుకో, ఎవురూ అడ్డం రారు. ఛీ, ఎంత ఆశ! ఒళ్లో మనిషి నెత్తురు కారుతుంటే నేను రేపటి పరీక్ష గురించి ఆలోచిస్తున్నాను.

ఆసుపత్రిలో వాడిని చక్రాల మంచం మీద లోపలికి తోసుకుపోయారు. నడుము ఎముక, చేయి విరిగాయన్నారు, తలలో నెత్తురు గడ్డ కట్టిందన్నారు. ఎప్పుడు స్పృహ వస్తుందో చెప్పలేమన్నారు. కాసేపటికి వాడి పెళ్లాం మునిలక్ష్మి వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉంది. ఒక కాలికి చెప్పు లేదు, ఎక్కడ జారిపోయిందో చూసుకోలేదు. నేరుగా నా దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నువ్వు ఆడనే ఉండావంట గదా. ఎట్ల పడినాడక్కా? జాగ్రత్తగా ఎక్కుతాడే, ఎప్పుడూ ఇట్ల కాలేదే!"

మా అత్త అందుకుంది. "కాలు జారిందమ్మా. ఏం సేస్తాం, టైము బాగలేదు."

మునిలక్ష్మి ఆమె వైపు చూడలేదు. నన్నే చూస్తోంది. "నీ మూతికి ఏమైందక్కా?"

"వైరు తగిలింది," అంది మా అత్త.

ఆ ఇంట్లో నోరుగలదాన్ని, అన్నం పళ్లెం కుక్కకు పెట్టినదాన్ని, ఆ పిల్ల నా చేతులు పట్టుకుని అడుగుతుంటే గోడ మీద కాగితం చదువుతున్నట్టు నిలబడ్డాను. కాసేపు చూసి ఆమె నా చేతులు వదిలేసింది. శనివారం పోలీసులు వచ్చి నా వాంగ్మూలం తీసుకుంటారని ఆసుపత్రిలో ఎవరో చెప్పారు.

శుక్రవారం పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని బస్సెక్కాను, పలమనేరులో మారి కుప్పం చేరాను. మా చెల్లెలు అనూష అక్కడ ఒక ప్రైవేటు బడిలో టీచరు. మేడ మీద ఒంటి గది అద్దెకు తీసుకుని ఉంటుంది. కింద ఇంటి ఓనరు వెంకటేశులు. ఆయన వైఫైనే దీనికీ ఇచ్చాడు. అది నా మూతి చూసింది. సంచి అందుకుని, నీళ్లిచ్చి, "ఆ నా కొడుకు సేతులు ఇరగ" అంది, అంతే. బడికి సెలవు పెట్టేసింది.

ల్యాప్‌టాప్ తెరిచాను. వైఫై కలిపాను. చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి.

అనూష ఫోన్ తీసి చూపించింది. దానిలో నెట్టు పరుగెత్తుతోంది. ఇది కుప్పం. ఇక్కడ మునిశేఖర్ లేడు, వాడి రూటర్ లేదు, వాడి వైరు లేదు. వాడికీ ఈ జబ్బుకూ ఏ సంబంధమూ లేదని నాకు ముందే తెలుసు, కానీ కళ్లతో చూడడం వేరు. శ్రుతికి ఫోన్ చేశాను.

"కంగారు పడకండి, ఇంకా టైముంది," అంది. "కొత్త ల్యాప్‌టాప్ వచ్చాక దానికి ఏమైనా తగిలించారా? గట్టి కవర్ లాంటిది?"

"నెమలి బొమ్మ స్టిక్కర్ అంటించారు."

"స్టిక్కర్‌తో ఏమీ కాదు. లోహంది ఏమైనా ఉందా? ఆ ల్యాప్‌టాప్‌కు సిగ్నల్ అందుకునే యాంటెన్నా మూత పై అంచులో ఉంటుంది. అక్కడ ఇనుమో రాగో అడ్డముంటే సిగ్నల్ రాదు."

లేదని చెప్పబోతూ మూత పై అంచు వేలితో తడిమాను. స్టిక్కర్ కింద ఏదో గీత తగిలింది. సన్నగా, పొడుగ్గా, ఒక కొస నుంచి ఇంకో కొసదాకా. గోరు పెట్టి నెమలి తలకాయ పట్టుకుని పెరికాను. కింద రాగి రేకు! గడప మీద కొడతారే, గీతలూ అక్షరాలూ చెక్కిన యంత్రం రేకు, అలాంటిది. దాన్ని మూత నెత్తిన జిగురుతో అంటించి, పైన నెమలి వేయించుకొచ్చారు తల్లీ కొడుకులు. దిష్టి తగలకూడదని.

చాకుతో అనూష రేకును ఊడబెరికింది. పేజీ ఠక్కున తెరుచుకుంది. స్పీడ్ టెస్ట్ పెడితే అంకెలు ఎగబాకుతున్నాయి. నేను కింద కూర్చుండిపోయి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. ఈ రేకుముక్క కోసమా? ఆ మనిషి నెత్తి పగలగొట్టింది దీనికోసమా? ఆలోచించకుండా హరినాథ్‌కు ఫోన్ కలిపాను.

"నెట్టు బాగైంది," అన్నాను.

"సూసినావా? వాడు లేకపోతే ఎట్ల బాగైందో!"

"వాడు కాదు. మీ అమ్మ పెట్టించిన రాగి రేకు. నువ్వే దగ్గరుండి అంటించినావు గదా? సిగ్నల్ రాకుండా అదే అడ్డం పడింది. మునిశేఖర్ ఏమీ సేయలేదు."

"అయితే?" అన్నాడు.

"అయితేనా? అయితే అంటావా నువ్వు? ఆ మనిషి ముక్కులో గొట్టం పెట్టుకుని పడుండాడు మదనపల్లెలో! నువ్వు తన్నింది నేను సూసినా. కొట్టింది సూసినా. రేపు పోలీసోళ్లకు ఉండేది ఉండేటట్లు సెప్తా. ఏం పీక్కుంటావో పీక్కో!"

"కుప్పంలోనే గదా ఉండావు," అని ఫోన్ పెట్టేశాడు.

అనూష లేచి తలుపు గడియ వేసింది. పరీక్ష వద్దు, కింద ఓనరు వాళ్లింట్లోకి పోదాం పద అంది. నేను కదల్లేదు. నెలలుగా ఎదురుచూసిన పరీక్ష. ఆయన కారులో వచ్చేసరికి పరీక్ష ముగిసిపోతుందని లెక్క వేసుకున్నాను. నా మొండితనం నాది. చిట్లిన పెదవికి పౌడరు రాసుకుని, కెమెరా ముందు కూర్చున్నాను.

మూడు గంటలకు స్క్రీన్ మీద వెన్నెలగారు కనిపించారు. పరీక్ష పెట్టేది ఆమె. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందంటే ఆమె వెనక గోడ మీద క్యాలెండరు తారీఖులు చదవొచ్చు. మొదట మోకాళ్ల నొప్పుల ముసలాయనలాగా మాట్లాడారు. నేను విన్నాను, అడగవలసినవి అడిగాను, డాక్టరు టైము చెప్పాను. తర్వాత బిడ్డకు జ్వరమని ఏడ్చే తల్లిలాగా మాట్లాడారు. ఆమెను ఊరడించి, ముందు ఏం చేయాలో చెప్పాను. ఒక్కసారి కూడా మాట తెగలేదు. వెన్నెలగారు తల ఊపుతూ ఏదో రాసుకుంటున్నారు. నాకు లోపల ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. అంత పాపంలోనూ సంతోషం!

మూడో కాల్ మధ్యలో మెట్ల మీద కాళ్ల చప్పుడైంది.

తలుపు మీద మొదటి తన్నుకు గోడ సున్నం రాలింది. రెండో తన్నుకు గడియ ఊడి ఎగిరొచ్చి గిన్నెల మీద పడింది. హరినాథ్ లోపలికొచ్చాడు. అనూష అడ్డం నిలబడి "బావా, మర్యాదగా పో" అంటుండగానే దాని చెంప మీద కొట్టాడు, అది మంచం కోడు మీద పడింది. నా జుట్టు పట్టి కుర్చీలోంచి లాగాడు. హెడ్‌ఫోన్ వైరు ల్యాప్‌టాప్‌లోంచి ఊడిపోయింది. నేల మీద పడేసి కడుపులో తన్నాడు. ఊపిరి ఆడలేదు.

"పోలీసోళ్లకు సెప్తావా? సెప్పు మే, ఇప్పుడు సెప్పు! వాడిని నిచ్చెన మీదనుంచి తన్నినప్పుడు సూసినావు గదా, నెత్తి పగలకొట్టినప్పుడు సూసినావు గదా! నీకూ అదే గతి. మేడ మీదనుంచి తోసి కాలు జారిందంటా!"

కాలెత్తాడు. ఆ కాలు నా మీద పడకముందే అనూష వెనకనుంచి కుక్కర్‌తో కొట్టింది. పప్పు ఉన్న కుక్కర్. మోకాటి వెనక తగిలింది. కుంటుకుంటూ తిరిగి దాని మెడ పట్టుకున్నాడు. దాని కళ్లు తేలిపోతుంటే నేను పాక్కుంటూ పోయి ఆయన కాలు రెండు చేతులా వాటేసుకుని లాగాను. ముగ్గురం కలిసి పడ్డాం. నేలంతా పప్పు, పగిలిన గాజు గ్లాసు పెంకులు. నా ముంజేతిలో పెంకు దిగింది, అప్పుడు తెలియలేదు. ఈ గోలకు కింద నుంచి వెంకటేశులు, ఆయన కొడుకులు పరుగెత్తుకొచ్చి హరినాథ్ రెక్కలు విరిచి పట్టుకున్నారు. అయినా కాళ్లతో తంతూనే ఉన్నాడు.

అప్పుడు బల్ల మీద నుంచి ఒక గొంతు వినిపించింది. వైరు ఊడింది కదా, మాట బయటికి వస్తోంది.

"దీపా! దీపా, వినిపిస్తోందా?"

స్క్రీన్ మీద వెన్నెలగారు లేచి నిలబడి ఉన్నారు. పక్కన ఇంకా ఎవరెవరో చేరారు. శ్రుతి కూడా ఉంది, నోటి మీద చేయి అడ్డం పెట్టుకుని. అందరూ మమ్మల్నే చూస్తున్నారు. ఒక్క మాటా తెగకుండా వాళ్లకు అంతా చేరింది. హరినాథ్ కూడా అప్పుడే చూశాడు. తన్నడం ఆపాడు.

"పెట్టె ముయ్యి," అన్నాడు నాతో. గొంతు మారిపోయింది. "దీపా, సెప్తాండా గదా, ముయ్యి. ఇంటికి పోదాం."

నేను కుర్చీ పట్టుకుని లేచాను. కూర్చున్నాను. నోట్లో నెత్తురు ఉప్పగా ఉంది. మింగేశాను.

"కాల్ కట్ చేయకండి," అన్నారు వెన్నెలగారు. "పోలీసులకు ఫోన్ చేస్తున్నాం. మీరు ఎక్కడున్నారో చెప్పండి."

కుప్పం అడ్రస్ చెప్పాను. వీధి, ఇంటి నంబరు, మేడ మీద గది. కంపెనీ నేర్పిన మర్యాద మాటలు ఒక్కటీ నోటికి రాలేదు, మా ఊరి మాటలే వచ్చాయి. పరీక్ష సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు. నెత్తుటి మూతితో రోగులతో మాట్లాడే మనిషిని ఏ కంపెనీ పెట్టుకుంటుంది?

"ఇంకొకటి ఉండాది, రాసుకోండి," అన్నాను. "పుంగనూరు మునిశేఖర్ నిచ్చెన మీదనుంచి జారిపడలేదు. ఇదిగో, ఈ మనిషి తన్నినాడు. పడినాక హెల్మెట్‌తో నెత్తిన కొట్టినాడు. నేను పక్కనే నిలబడి సూసినా. ఆసుపత్రిలో వాళ్ల ఆడమనిషి నా సేతులు పట్టుకుని అడిగింది. ఈ ఉద్యోగం కోసం నేను సెప్పలే."

వెన్నెలగారు కలం పట్టుకుని నా వైపే చూస్తున్నారు.

"ఆయమ్మ పేరు మునిలక్ష్మి," అన్నాను. "పోలీసోళ్లకు తర్వాత సెప్పినా ఫర్వాలేదు. ముందు ఆయమ్మకు సెప్పండి."